పెయింటర్ బాబాయి, బేవ్యూ వీధులు

మొన్న సంక్రాంతికి అంబాజీపేటలో బస్సు దిగి నడుస్తుంటే థిన్నర్ వాసన కొట్టింది. రోడ్డు పక్క షెడ్డులో ఒక కుర్రాడు కారు బానెట్ విప్పి, ముక్కుకి తువ్వాలు కట్టుకుని స్ప్రే కొడుతున్నాడు. ఆ పక్కనే కొబ్బరి డొక్కలు గుట్టగా పోసున్నాయి. ఎదురు కొట్లో బూరెలు వేస్తున్నారు. ఇన్ని వాసనల్లో నాకు థిన్నర్ ఒక్కటే తగిలింది. కాళ్లు అక్కడే ఆగిపోయాయి.

అది పెయింటర్ బాబాయి వాసన. కిరసనాయిలుతో తుడుచుకుని, సబ్బుతో రెండుసార్లు కడుక్కున్నా ఆయన చేతుల్నించి పోయేది కాదు. ఆయన పోయి రెండేళ్లయింది. అప్పుడు నేను రాలేకపోయాను. ఆ బాధ అలాగే ఉంది.

ఆ వాసనకి ఆయన షెడ్డు గుర్తొస్తే సరే. నాకు ముందు గుర్తొచ్చింది ఒక కార్ల రేసు వీడియో గేమ్. నీడ్ ఫర్ స్పీడ్ అండర్‌గ్రౌండ్ 2. ఎందుకో చెప్పాలంటే అమలాపురంలో మేము చదువుకున్న రోజుల దగ్గరికి వెళ్లాలి.

*

గడియార స్తంభం సెంటర్‌కి కొంచెం అవతల, మేడ మీద ఒక నెట్ సెంటర్ ఉండేది. ఇనుప మెట్లు ఎక్కాలి. చెప్పులు బయట విప్పాలి. లోపల అయిదు సిస్టమ్‌లు, అన్నీ వెనక పొట్ట ఉన్న పాత మానిటర్లే. పొద్దున్నే వెలిగించిన అగరొత్తి వాసన, వేడెక్కిన దుమ్ము వాసన కలిసి అదో రకంగా ఉండేది. గంటకి పదిహేను రూపాయలు. ముగ్గురం అయిదేసి వేసుకుని వెళ్లేవాళ్లం. ఒకడు ఆడతాడు, ఇద్దరు చూస్తారు. టైము గోడ గడియారం చూసి పంచుకునేవాళ్లం.

నాలుగో నంబరు సిస్టమ్‌లోనే గ్రాఫిక్స్ కార్డు ఉండేది. సెంటర్ అన్నయ్య కాకినాడ నుంచి తెచ్చి వేయించాడు. గేమ్ 2004లో వచ్చింది. మా దాకా వచ్చేసరికి ఇంకొన్నాళ్లు పట్టింది. కవరు లేదు, సీడీల మీద స్కెచ్ పెన్నుతో రాసిన పేరే. మిగతా సిస్టమ్‌లలో వేస్తే నత్తలా నడిచేది. అప్పుడు అన్నయ్య సెట్టింగ్స్‌లోకి వెళ్లి రోడ్డు మీద రిఫ్లెక్షన్లు, లైట్ల చారలు, వాన, ఒక్కొక్కటే ఆపేసేవాడు. గేమ్ పరిగెత్తేది గానీ, రోడ్డు సుద్దముక్కలా తెల్లబోయేది. అందుకే నాలుగో నంబరు కోసం ఎంతసేపైనా మెట్ల మీద కూర్చునేవాళ్లం. తడి రోడ్డు మీద నీలం లైట్లు జారుతూ పోవడం చూడాలంటే అదొక్కటే దిక్కు.

ఎంసెట్ ర్యాంకులు, ఇంటర్ రిజల్ట్స్ వచ్చే రోజుల్లో గేములు బంద్. హాల్‌టికెట్లు పట్టుకుని తల్లిదండ్రులు మెట్ల కింద దాకా నిలబడేవారు. కరెంటు పోతే యూపీఎస్‌లు అయిదూ ఒకేసారి కీచుకీచుమనేవి. "సేవ్ చేసుకోండ్రా, సేవ్ చేసుకోండి" అని అన్నయ్య కేకలు. ఆ కేక ఇప్పటికీ నా చెవిలో ఉంది.

*

గేమ్ మొదట్లో ఒక అమ్మాయి, పేరు రేచల్, తన నిస్సాన్ 350జెడ్ మనకిస్తుంది. ఎయిర్‌పోర్టు నుంచి దాన్ని తోలుకుంటూ ఊళ్లోకి రావాలి. ఊరి పేరు బేవ్యూ. అమెరికాలోది అన్నట్టు కట్టిన ఊరు, నిజంగా ఎక్కడా లేదు. చేసింది మాత్రం కెనడాలోని వాంకూవర్‌లో ఉన్న ఈఏ బ్లాక్ బాక్స్ వాళ్లు. ఎప్పుడూ రాత్రే. ఎప్పుడూ ఇప్పుడే వాన వెలిసినట్టు రోడ్లు మెరుస్తుంటాయి. ఆ 350జెడ్‌ని అప్పగించేశాక మన సొంత కారు ఎంచుకోవాలి. ప్యూజో 206, ఫోర్డ్ ఫోకస్, టొయోటా కరోలా, నిస్సాన్ 240ఎస్‌ఎక్స్, మాజ్డా మియాటా, ఇలాంటివి.

మా వీధిలో ఎవరికీ కారు లేదు. పెళ్లికో, ఆసుపత్రికో అద్దెకి తెచ్చిన అంబాసిడరే మేము ఎక్కిన కారు. అలాంటిది, బేరం లేకుండా, నీకు నచ్చింది తీసుకో అని అంత పెద్ద కార్ల కొట్టు మా ముందు పెట్టేసరికి మాకు నోట మాట రాలేదు. బాబాయి కొడుకు కరోలా అన్నాడు. రైసుమిల్లు ఆసామి అప్పుడే కరోలా కొన్నాడు మరి. తీరా చూస్తే గేమ్‌లోది పాత మోడల్, రెండే డోర్లు. అయినా వాడు పట్టు వదల్లేదు. ఏడాది పాటు మాది ఆ కరోలాయే.

అంతకుముందు మేము ఆడిన రేసుల్లో ట్రాక్ మీదకి నేరుగా దించేసేవాళ్లు. గెలిచామా, తర్వాతది. ఇందులో అలా కాదు. ఊరంతా మనదే. రేసు ఎక్కడుందో అక్కడిదాకా మనమే తోలుకుంటూ పోవాలి. రంగులేసే షాపు, ఇంజన్ పార్టుల షాపు, స్టిక్కర్ల షాపు, చాలావాటికి మనం దగ్గరికి వెళ్లేదాకా మ్యాపులో గుర్తు కూడా పడదు. పోలీసులు లేరు. దారిలో ఇంకో రేసరు ఎదురైతే వెనకే పట్టుకుని పందెం కాయొచ్చు. దానికి గీత లేదు, మలుపు లేదు. ఎటు పడితే అటు తిప్పి, అవతలివాణ్ణి 300 మీటర్లు వెనకేస్తే గెలిచినట్టు. ఆ పందెం నెగ్గాలంటే వేగం ఒక్కటే సరిపోదు, సందులు తెలియాలి. సిటీ కోర్, బీకన్ హిల్, జాక్సన్ హైట్స్, కోల్ హార్బర్, ఎయిర్‌పోర్టు. ఈ పేటల పేర్లు మాకు మా మండలాల పేర్ల కన్నా బాగా వచ్చేవి. బాబాయి కొడుకు పాత క్యాలెండరు వెనకవైపు బేవ్యూ పటం గీశాడు. షాపులకి ఎర్రచుక్క, షార్ట్‌కట్లకి నీలం గీత.

అంతలా ఎందుకు పట్టేసిందో ఇప్పుడు ఆలోచిస్తే నాకొకటి అనిపిస్తుంది. మాది గోదావరి పాయల మధ్య నేల. అటు గౌతమి, ఇటు వశిష్ట, మధ్యలో వైనతేయ, కింద సముద్రం. ఎటు బయల్దేరినా కాసేపటికి రేవు వచ్చేస్తుంది. చిన్నప్పుడు కాకినాడ వెళ్లాలంటే ముక్తేశ్వరం రేవులో పంటు ఎక్కి కోటిపల్లిలో దిగాల్సిందే. పంటు అవతలి ఒడ్డున ఉంటే అది వచ్చేదాకా ఎండలో నిలబడాలి. ఆ నిరీక్షణ, జీడిలమ్మేవాళ్ల కేకలు, పంటు ఇంజన్ టకటక, తాడు విసిరేవాడి చేతివాటం నాకు చాలా ఇష్టం. ఎదుర్లంక వంతెన వచ్చాక ఆ దారి మాకు తగ్గిపోయింది. కాలవగట్ల మీద రోడ్లయితే ఎదురుగా వరిగడ్డి ట్రాక్టరు వస్తే ఎవరో ఒకరు వెనక్కి పోవాలి. బేవ్యూలో రేవు లేదు. ఎంతసేపు తోలినా రోడ్డు ఇంకో రోడ్డులో కలుస్తుంది. ఒక్కోసారి రేసులు మానేసి గంటంతా ఊరికే తిరిగేవాళ్లం. డబ్బులు దండగ అని మాలో ఒక్కడూ అనలేదు.

*

ఇక బాబాయి. మా వీధిలో అందరికీ ఆయన బాబాయే. కాలవగట్టు మీద రేకుల షెడ్డు ఆయనది. లారీ తొట్లకి, ట్రాక్టరు ట్రక్కులకి, పడవలకి, షాపు బోర్డులకి రంగులేసేవాడు. సంక్రాంతి ముందు మాత్రం ఇవన్నీ పక్కన పెట్టేసి ప్రభ పని. కనుమ రోజున జగ్గన్నతోట తీర్థానికి పదకొండు ఊళ్ల నుంచి రుద్రుల ప్రభలు వస్తాయి. వెదురుతో కట్టి, రంగు బట్టలు చుట్టి, గంటలు వేలాడదీసి, "శరభా, అశరభా" అంటూ భుజాల మీద మోసుకుంటూ వరిచేలకి అడ్డంపడి, కౌశిక కాలవ దాటించి తెస్తారు. పచ్చటి చేలో అంత ఎత్తు ప్రభ ఊగుతూ వస్తుంటే చూడాలి. ఏ బట్ట పక్కన ఏ బట్ట వేస్తే దూరం నుంచి నిలబడుతుందో బాబాయికి చెప్పాలి ఎవరైనా? ఊళ్లోవాళ్లు ఆయన్నే అడిగేవారు.

ఆయన గీత గీస్తుంటే మేము పక్కనే గొంతుక్కూర్చునేవాళ్లం. లప్పం పెట్టి, ఎమిరీ కాగితంతో రుద్ది, ప్రైమర్ కొట్టి ఆరబెట్టిన రేకు. ఎడమచెయ్యి పిడికిలి దానికి ఆనించి, దాని మీద కుడి మణికట్టు పెట్టేవాడు. కుంచె ముంచి, డబ్బా అంచుకి రెండువైపులా రాసి, ఊపిరి బిగబట్టేవాడు. గీత మూర మేర వెళ్లి సన్నగా తోకలా ముగిసేదాకా ఆయన ఛాతీ కదిలేది కాదు. గీత అయ్యాక ఊపిరి వదిలేవాడు, మేమూ వదిలేవాళ్లం. సాయంత్రం పని అయ్యాక కుంచెలో మిగిలిన రంగుని షెడ్డు తలుపు లోపలివైపు రాసి తుడిచేవాడు. ఏళ్ల తరబడి అలా తుడవగా తుడవగా ఆ చెక్కతలుపు రంగులతో మందంగా పొరలు కట్టింది. గోరుతో గీకితే పచ్చ కింద ఎరుపు, ఎరుపు కింద నీలం కనిపించేవి.

ఒకరోజు రాత్రి తొమ్మిదయినా కొడుకు ఇంటికి రాలేదని ఆయన నెట్ సెంటర్‌కి వచ్చాడు. మెట్లెక్కుతూనే థిన్నర్ వాసన వచ్చింది, మాకు టెన్షన్. వాడు లేవబోయాడు. అప్పుడు తెర మీద గ్రాఫిక్స్ షాపు తెరిచి ఉంది. కారు మెల్లగా తిరుగుతోంది, దాని ఒంటి మీద మంటల డిజైన్లు ఒకదాని తర్వాత ఒకటి మారుతున్నాయి.

"ఉండ్రా. ఆ ముందుది మళ్లీ చూపించు" అన్నాడు బాబాయి.

చూపించాం. అద్దాలు తుడుచుకుని, వంగి, ముక్కు మానిటర్‌కి తగిలేంత దగ్గరగా చూశాడు. "రంగు మారుద్దా ఇది?" అన్నాడు. మారుద్దండి బాబాయ్ అన్నాం. "అయితే ఆ పసుపు తీసెయ్యండి. కింద వంకాయరంగు ఉంటే పైన పసుపేంట్రా, కొట్టుకుంటుంది. దానికి వెండిరంగు అంచు వెయ్యండి." వేశాం. నిజంగానే కారు లేచి నిలబడినట్టయింది. అన్నయ్య కూడా కుర్చీలోంచి లేచి వచ్చాడు. ఆ రాత్రి పదిన్నర దాకా కూర్చున్నాం. పిన్ని రెండోసారి మనిషిని పంపాల్సొచ్చింది.

*

ఆ తర్వాత ఆయన వారానికోసారి వచ్చేవాడు. స్టీరింగ్ ఎప్పుడూ ముట్టుకోలేదు, కీబోర్డు మీద చెయ్యి వెయ్యమన్నా వెయ్యలేదు. మా వెనక స్టూలు వేసుకుని చెప్పేవాడు, మేము చేసేవాళ్లం. బంపర్లు, హుడ్, వెనక రెక్క, సైలెన్సరు గొట్టం, చక్రాలు, డోర్లు పైకి లేచే ఏర్పాటు, డిక్కీలో స్పీకర్లు, కారు కింద నియాన్ లైట్లు. ఆ గేమ్‌లో కారుకి మార్చలేనిది అంటూ ఏదీ లేదనిపించేది. ఎంత అలంకరిస్తే అంత స్టార్ రేటింగ్ పెరుగుతుంది. మేము రేటింగ్ కోసం ఉన్నవన్నీ తగిలించేవాళ్లం. ఆయనకది నచ్చేది కాదు. "అన్నీ పెడితే ఏదీ కనపడదు" అని సగం పీకించేసేవాడు. నియాన్ మాత్రం ఉంచమనేవాడు. నేల మీద పడిన నీలం వెలుగు చూసి, "ప్రభ కింద దీపాలు పెట్టినట్టుంది, ఆయ్" అన్నాడు ఒకసారి. ఆ మాట నాకు అలాగే ఉండిపోయింది.

ఆయన చెవి కూడా గట్టిదే. కుర్రతనంలో లారీ మీద క్లీనరుగా చేశాడట. డ్రాగ్ రేసులో గేర్లు మనమే మార్చుకోవాలి. మీటరు చూస్తూ సరిగ్గా వెలుగు పడ్డప్పుడు వెయ్యాలి, ఆలస్యమైతే ఇంజన్ వేడెక్కి పేలిపోతుంది. ఎదురు బండికి తగిలామా, అక్కడితో సరి. మేము మీటరు చూస్తూ రోడ్డు మర్చిపోయేవాళ్లం. "మీటరెందుకురా, ఇంజన్ అరుస్తోంది వినపట్టంలా? ఇప్పుడెయ్... ఇప్పుడు" అని ఆయన మా భుజం మీద తట్టేవాడు. కళ్లు రోడ్డు మీద, గేరు ఆయన చెవి మీద. ఎయిర్‌పోర్టు దగ్గర డ్రాగ్‌లు అలాగే నెగ్గాం.

అన్నిటికన్నా ఆయన సంబరపడింది ఫొటో రోజు. కారు బాగుంటే పత్రిక కవర్ మీద వేస్తామని రేచల్ కబురు పెడుతుంది. టైము అయిపోయేలోగా ఫొటోగ్రాఫర్ ఉన్న చోటికి చేరాలి. చేరాక కారుని ఎలా నిలబెట్టాలో, ఏ కోణంలో తియ్యాలో మనిష్టం. డోర్లు తెరవొచ్చు, హుడ్ ఎత్తొచ్చు. కొత్త తొట్టి కట్టించిన లారీని ఓనర్లు దండేసి ఫొటో తీయించుకుంటారు కదా, ఎప్పుడూ ఆ ఫొటో ఎక్కడినుంచి తియ్యాలో బాబాయే చెప్పేవాడు. ఇక్కడా అంతే. "ముందు చక్రం దగ్గరికి దించు. ఇంకొంచెం పక్కకి. ఆ తోక కనపడాలి." అలా వచ్చిన కవర్‌ని అన్నయ్య కలర్ ప్రింటు తీసిచ్చాడు. పది రూపాయలు కూడా తీసుకోలేదు. బాబాయి దాన్ని షెడ్డులో వినాయకుడి క్యాలెండరు పక్కన అంటించాడు.

*

ఒకరోజు వెళ్లేసరికి నాలుగో నంబరు ఖాళీ అయిపోయి ఉంది. వైరస్ పట్టిందని బయట ఒక రిపేరు షాపుకిస్తే, అడగకుండా ఫార్మాట్ కొట్టేశారు. మా ప్రొఫైల్, కరోలా, ఏడాది పాటు గెలిచిన డబ్బులు, అన్నీ పోయాయి. బాబాయి కొడుకు మెట్ల మీద కూర్చుని ఏడ్చాడు. నాకూ గొంతు పట్టేసింది.

సాయంత్రం షెడ్డుకెళ్లి చెబితే బాబాయి ఏమీ అనలేదు. బోర్డుల లెక్కలు రాసుకునే పుస్తకం తీసి వెనక పేజీలు తిప్పాడు. అందులో మా కారు ఉంది. పెన్సిలుతో పక్కనుంచి, ముందునుంచి, వెనకనుంచి గీశాడు. ఏ పొర మీద ఏ డిజైను, దానికి ఏ రంగు, వరసగా నంబర్లు వేసి రాసుకున్నాడు. ఎప్పుడు గీశాడో మాకు తెలియదు. మా వెనక స్టూలు మీద కూర్చున్నప్పుడు చూసి, ఇంటికొచ్చి గుర్తుపెట్టుకుని గీసి ఉంటాడు. ఆ పేజీలు ముందు పెట్టుకుని వేసవి సెలవుల్లో మళ్లీ మొదటినుంచి ఆడి, ఆ కారుని అలాగే కట్టాం.

ఆ వేసవిలోనే ఆయన ఒక ఆటో మీద మంటలు వేశాడు. ముందు షెడ్డు తలుపు మీద వేసి చూసుకున్నాడు. ఆ రంగుల పొరల మధ్యలో ఒక జానెడు మేర నున్నగా గీకి, తెల్లరంగు పూసి, దాని మీద వంకాయరంగు మంట, వెండి అంచు. కుదిరాక ఆటో మీదకి ఎక్కించాడు. ఆ ఆటో ముక్తేశ్వరం రోడ్డులో తిరిగేది. పసుపు ఒంటి మీద వంకాయరంగు ఎలా కుదిరిందంటే, వెండి అంచు వెడల్పు చేసి రెండింటినీ విడదీశాడు. బేవ్యూలో కొట్టుకున్న రంగుల్ని ముక్తేశ్వరం రోడ్డులో కలిపి చూపించాడు. కాలేజీకి ఆలస్యమైనా సరే, ఆ ఆటో వచ్చేదాకా ఆగి ఎక్కేవాళ్లం.

*

తర్వాత 2005లో అదే వరసలో వచ్చిన మోస్ట్ వాంటెడ్ కూడా అదే సెంటర్‌లో ఆడాం. పగటి వెలుతురు, వెనక పోలీసులు, గొప్ప గేమ్. బాబాయి ఒక్కసారి చూసి, "కింద దీపం లేదేంట్రా" అని లేచిపోయాడు. నిజమే, అందులో నియాన్ లేదు.

అప్పటికే ఊళ్లోకి ఫ్లెక్సీలు వచ్చేశాయి. రెండు రోజులు పట్టే బోర్డు గంటలో ప్రింటయిపోతోంది. ఆటోలకి, లారీలకి రేడియం స్టిక్కర్లు. బాబాయి ఎవరినీ తప్పుపట్టలేదు. ప్రభ పని మాత్రం చివరిదాకా చేశాడని వాళ్లబ్బాయి ఫోన్‌లో చెప్పేవాడు. నేను చదువుకని, ఉద్యోగానికని హైదరాబాద్ వెళ్లిపోయాను.

అంబాజీపేట నుంచి ఆటో ఎక్కి అమలాపురంలో దిగి నేరుగా కాలవగట్టుకే వెళ్లాను. రేకుల షెడ్డు పోయి షట్టరున్న గది వచ్చింది. బాబాయి కొడుకు రేడియం కటింగ్ షాపు పెట్టాడు, కార్ల లోపల లైట్లు కూడా వేస్తున్నాడు. "ఏరా, ఇప్పుడా రావడం" అన్నాడు, అంతకన్నా ఏమీ అనలేదు. పిన్ని టీ పెట్టుకొచ్చింది. మాట్లాడుతూనే ఎవరిదో బుల్లెట్ ట్యాంకుకి స్టిక్కరు కోస్తున్నాడు. కటింగ్ మెషిన్ సూది సన్నగా గీరుకుంటూ పోతోంది.

నా ఫోన్ చార్జింగ్ అయిపోయింది. ప్లగ్గు ఎక్కడుందిరా అంటే బల్ల కింద చూడమన్నాడు. మోకాళ్ల మీద వంగి తల లోపలికి పెట్టాను. బల్ల పైన నున్నటి సన్‌మైకా. అడుగున చెక్క. దాని మీద ఎరుపు, పచ్చ, నీలం, వేలెడు మందాన పొరలు. మధ్యలో జానెడు మేర తెల్లరంగు, అందులో వంకాయరంగు మంట. వెండి అంచు ఇంకా మెరుస్తోంది.

"దొరికిందా?" అన్నాడు పైనుంచి.

"ఆ" అన్నాను. మెషిన్ ఆగేదాకా అక్కడే ఉన్నాను.